వైరస్ అనిపించుకున్న బాటనీ నోట్సు

నా చేతిరాత బాగుండి ఉంటే ఈ గొడవ జరిగేదే కాదు. జగిత్యాలలో నేను పాఠం చెప్పే ప్రైవేటు జూనియర్ కాలేజీలో పిల్లలు నా బోర్డు చూసి రాసుకోలేక పక్కవాళ్ళ నోట్సులోకి తొంగిచూసేవారు. ఆ పక్కవాళ్ళు ఇంకో పక్కకు చూసేవారు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మేడం, గది వేరా, కాండమా?" అని అడిగింది. నేను గుడ్లురిమేసరికి కూర్చుంది. బాటనీ చెప్పే మనిషి వేరుకూ కాండానికీ తేడా లేకుండా రాస్తుందన్నమాట. అది నన్ను చాలా రోజులు పొడిచింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు కళ్ళజోడు వచ్చి దానికి కాస్త చోటు తగ్గింది కానీ, అప్పుడు ముక్కంతా దానిదే.

అది తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న చలికాలం. పొద్దున లేస్తే ఇవాళ బంద్ ఉందా లేదా అన్నదే మొదటి ముచ్చట. కాలేజీలు మూతబడ్డాయి. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. పిల్లలు పెట్టెలు మోసుకుంటూ మల్యాల, రుద్రంగి, గంభీరావుపేట అని ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. మేము కోరుట్లలో అద్దెకుండేవాళ్ళం. బస్సులు సరిగా నడవక నేను జగిత్యాల మొహం చూసి చాలా రోజులైంది. పొద్దంతా కోరుట్ల చౌరస్తాలో రిలే నిరాహార దీక్ష టెంటులో కూర్చునేదాన్ని. ఒక్కోరోజు రోడ్డు మీదే వంటావార్పు ఉండేది, అప్పుడు ఉల్లిగడ్డలు కోయడం నా వంతు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పరీక్షలు గుర్తొచ్చేవి. తెలంగాణా రావాలి, పిల్లలూ పాస్ కావాలి. రెండూ ఒకేసారి కోరుకోవడం అత్యాశ అని టెంటులో ఒక పెద్దమనిషి అన్నాడు. ఆయన పిల్లలు అప్పటికే చదువులు ముగించి ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ సంగతి ఆయన మొహం మీదే అనేశాను. తర్వాత ఆయన నా పక్కన కూర్చోవడం మానేశాడు, నాకు కాళ్ళు చాపుకోవడానికి చోటు దొరికింది.

ఆ ఏడు పరీక్ష రాసేవాళ్ళలో నా సొంత చెల్లె కూడా ఉంది. మా పుట్టిల్లు మల్యాల. మా నాయనకు గుంటెడు భూమి లేదు. ఆదివారం చర్చి, మిగిలిన రోజులు ఎవరి పొలం పిలిస్తే ఆ పొలం. నన్ను చదివించే నాటికి ఆయన నడుము గట్టిగా ఉండేది. చెల్లె వంతు వచ్చేసరికి నడుము పోయింది. చెల్లె ఇంటర్‌లో అన్నీ గట్టెక్కి ఒక్క సబ్జెక్టు తప్పింది, అదీ బాటనీ. అక్క బాటనీ మేడం, చెల్లె బాటనీ ఫెయిల్. చుట్టాల పెళ్ళిళ్ళలో నవ్వుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి. అంతలో సిరిసిల్ల సంబంధం వచ్చింది, పెళ్ళి చేసేశారు. మరిది మరమగ్గాల మీద పనిచేస్తాడు. అత్త బీడీలు చుడుతుంది. అత్త పక్కన కూర్చుని మా చెల్లె కూడా చుట్టడం మొదలుపెట్టింది.

చెల్లెకు నర్సు కావాలని చిన్నప్పటి నుంచీ కోరిక. నర్సింగులో చేరాలంటే ఇంటర్ పాస్ కావాలి. పెళ్ళైన కొన్నాళ్ళకు ధైర్యం చేసి అత్తను అడిగింది. ఆ అత్త చెడ్డ మనిషి కాదు, మాట మాత్రం గొడ్డలివేటు. "ఒక్కపారి రాయనిస్త. అయితే అయింది. కాకుంటే ఇగ సదువు ముచ్చట నా ఇంట్ల తియ్యద్దు" అంది. మరిది తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. కాబట్టి చెల్లెకు ఉన్నది ఒకే ఒక్క అవకాశం. దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాల్సిన అక్క చూస్తే కోరుట్ల టెంటులో నినాదాలిస్తోంది. నాకు అన్నం సయించేది కాదు. అటు రోజంతా దీక్ష, ఇటు ఇంటికొచ్చాక ఇది.

కోరుట్ల బస్టాండు ఎదుటి సందులో ఒక డీటీపీ అన్న ఉండేవాడు. మామూలు రోజుల్లో పెండ్లి పత్రికలు కొడతాడు, ఉద్యమం రోజుల్లో కరపత్రాలు. నా చేతిరాతను జిరాక్సు తీస్తే ఏమవుతుందో తెలుసు గనక, పాఠాలు కంప్యూటర్లో కొట్టించి మా పిల్లలందరికీ, చెల్లెకూ పంపుదామని ఆయన దగ్గరికి పోయాను. నేను చెబుతుంటే ఆయన కొట్టేవాడు. కిరణజన్య సంయోగక్రియ అని మొదటిసారి కొట్టినప్పుడు వేళ్ళు విరుచుకుని, "మేడం, చెట్లు తిండి వండుకునుడుకు గింత పొడుగు పేరా" అన్నాడు.

చిక్కు తెలుగుతోనే వచ్చింది. ఒక కంప్యూటర్లో మేము కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెలుగులాగే కనబడాలంటే, ఆ అక్షరాల ఫాంటు అక్కడ కూడా ఉండాలి. లేకపోతే అక్షరాలకు బదులు ఇంగ్లీషు ముక్కలు, టోపీలు, చుక్కలు, డాలరు గుర్తులు తెర నిండా పరుచుకుంటాయి. కాగితాల మీద అచ్చువేసి పంపితే సరిపోదా అని డీటీపీ అన్న అడిగాడు. నాకు సరిపోదు. పాఠం కింద పిల్లలు తమ అనుమానాలు రాయాలి, ఆ ఫైలు తిరిగి నా దగ్గరికి రావాలి, నేను జవాబు రాసి పంపాలి. ప్రశ్న రాని పాఠం గోడకు చెప్పిన పాఠమే. నేను పట్టు విడవకపోయేసరికి ఆయన తల గోక్కుని ఒక ఉపాయం చేశాడు. ఫాంటునూ నోట్సునూ కలిపి ఒకే ఫైలుగా మూట కట్టాడు. ఏ ఊళ్ళోనైనా ఆ ఫైలు మీద నొక్కితే చాలు, ఫాంటు ఎవరినీ అడక్కుండా ఆ కంప్యూటర్లోకి పోయి కూర్చుంటుంది, నోట్సు చక్కటి తెలుగులో తెరుచుకుంటుంది. ఆయన చేతులకు మొక్కాలనిపించింది నాకు.

ఇక పంపడం ఎట్లా? ఆ రోజుల్లో నెట్ సెంటర్లలో నెట్ ఎక్కువగా బోర్డు మీదే ఉండేది. బస్సులు లేవు. కానీ టెంట్లున్నాయి. కోరుట్లలో టెంటు, రుద్రంగిలో టెంటు, వేములవాడలో, సిరిసిల్లలో టెంట్లు. సంఘీభావం చెప్పడానికి ఈ టెంటువాళ్ళు ఆ టెంటుకు జెండాలు కట్టుకున్న బండ్ల మీద పోతూనే ఉండేవారు. నేను పెన్‌డ్రైవును అగ్గిపెట్టెలో పెట్టి, రబ్బరు వేసి, మీద చీటీ అంటించి వాళ్ళ చేతిలో పెట్టేదాన్ని. వీళ్ళు తర్వాతి టెంటువాళ్ళకు ఇచ్చేవారు. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు దాన్ని దగ్గరి సెంటరుకు తీసుకుపోయి, అక్కడి పిల్లల కోసం నోట్సు దింపించి, మళ్ళీ టెంటుకు చేర్చేవారు. జగిత్యాల వైపూ ఇట్లాగే, మల్యాల దాకా. ఒకసారి రుద్రంగి టెంటులో ఒక పెద్దాయన బీడీ ముట్టించుకుందామని అగ్గిపెట్టె తెరిచి, "పుల్లలేవిరా, గీ ఇనుప ముక్కేంది" అని కేకలేశాడట. ఆ తర్వాత చీటీ మీద 'పాఠాలు, పుల్లలు కావు' అని రాయడం మొదలుపెట్టాను.

సిరిసిల్లలో ఒక నెట్ సెంటరాయన చెల్లెకు ప్రింట్లు తీసిచ్చేవాడు. ఆమె చీటీ మీద రాసిచ్చిన ప్రశ్నలను ఫైలు కింద కొట్టి పంపేవాడు. ఒకసారి, "అక్కా, మేము బీడీలకు కత్తిరించే తునికాకు సుత గిట్లనే తిండి వండుకుంటదా?" అని వచ్చింది. "చెట్టు మీద ఉన్నన్ని రోజులు వండుకుంటది. నీ కత్తెర కిందికి అచ్చినంక దానికి ఆకలుండది" అని రాశాను. రాసి చాలాసేపు సంతోషపడ్డాను. చేతిలో ఆకు పట్టుకుని ఆ మాట ఆలోచించిందంటే, ఆ పాఠం ఆమెకు ఇక పోదు.

పరీక్షలు దగ్గర పడుతున్నాయనగా ఒక మధ్యాహ్నం చెల్లె ఫోన్ చేసింది. పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"అక్కా, ఇగ నోట్సు పంపకు."

"ఎందుకే?"

"నువ్వు పంపినదాంట్ల వైరస్ ఉన్నదట. పెట్టంగనే మిషిన్ కుయ్యుమన్నది, తెర మీద ఎర్ర డబ్బా అచ్చింది. సెంటరాయన నాకు చూపెట్టిండు. అందరికి చెప్పిండు."

సంగతి ఏమిటంటే, అంతకుముందు ఎవరి పెన్‌డ్రైవు నుంచో ఆయన కంప్యూటర్లకు నిజంగానే వైరస్ సోకి, కొట్టిపెట్టుకున్న పెండ్లి పత్రికలన్నీ పోయాయి. దెబ్బ తిన్నాడు కదా, కంప్యూటర్లన్నీ పూర్తిగా తుడిపించి, వెంటనే యాంటీవైరస్ వేయించాడు. ఆ తుడుపులో మా ఫాంటు కూడా పోయింది. అది కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుల్ ఉత్సాహంతో నా నోట్సును పట్టేసుకుంది. ఆయన టెంటుకు పోయి, కోరుట్ల మేడం పంపే ఫైళ్ళు పెట్టుకోకండని అందరికీ చెప్పాడు. ఆ కబురు టెంటు నుంచి టెంటుకు నా నోట్సు కంటే తొందరగా పోయింది. రుద్రంగి సెంటరువాళ్ళు పెన్‌డ్రైవు ముట్టుకోలేదు. అగ్గిపెట్టె రబ్బరు కూడా తీయకుండా తిరిగొచ్చింది. ఉద్యమం చెడగొట్టడానికి ఎవరో కావాలని ఇట్లాంటివి పంపుతున్నారని కోరుట్ల టెంటులోనే ఒకరు నాకు వినబడేట్టు అన్నారు. ఏ తప్పూ చేయకముందే, చేస్తారేమోనని పోలీసులు మనుషులను పట్టుకుపోయి బైండోవర్ చేస్తున్న రోజులవి. పొద్దున మాలో ఒకరిని తీసుకుపోతే సాయంత్రం దాకా ఇది అన్యాయమని అరిచిన గొంతులే నా నోట్సును అట్లా అనుమానించాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నిటికంటే నన్ను కోసింది చెల్లె చెప్పిన ఇంకో మాట. ఈ కబురు బీడీల కార్ఖానాకు కూడా పోయింది. వైరస్ అంటే జ్వరాలదేమో అనుకుని ఒకామె, ఆ కాగితాలు ముట్టుకుంటే దగ్గొస్తదా అని చెల్లె అత్తను అడిగిందట. అందరూ నవ్వారట. అత్త ఇంటికొచ్చి చాట కింద పెట్టి, "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవు. ఇగ గా సెంటర్ మొకం చూడద్దు. పుస్తకం ఉన్నది గద, గదే సదువుకో" అందట. ఆ పుస్తకం చదివితే అర్థమయ్యేదైతే చెల్లె మొదటిసారే పాసయ్యేది. ఉన్నది ఒక్క అవకాశం, అది ఇట్లా చేజారిపోతోంది. "ఏడుస్తున్నవా?" అని అడిగితే, "లేదక్కా, బీడీల తంబాకు గాటు" అంది.

డీటీపీ అన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. "నా దుకాణంల వైరసా? ఇగో, నా మిషిన్ ఏమన్న అంటున్నదా చూడుండ్రి" అని ఫైలు తెరిచి చూపించాడు. ఏమీ అనలేదు. ఆయన దాంట్లో యాంటీవైరస్సే లేదు, ఇంకేమంటుంది. ఆ సంగతి నేను అడిగితే తల పక్కకు తిప్పుకున్నాడు.

బంద్ పిలుపు లేని రోజు చూసుకుని స్కూటీ తీశాను. మూటకట్టిన ఫైలున్న పెన్‌డ్రైవు ఒకటి, పాఠం ఒక్కటే ఉన్నది ఒకటి, ఫాంటు ఒక్కటే ఉన్న సీడీ ఒకటి డీటీపీ అన్న నా సంచిలో వేశాడు. కోరుట్ల నుంచి రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల. రోడ్డు మీద అక్కడక్కడా కాలిన టైర్ల మసి, పక్కకు లాగేసిన మొద్దులు. దారంతా ఆ సెంటరాయనను ఏమేం అనాలో కూర్చుకుంటూ పోయాను. వేములవాడ దాటేసరికి నా దగ్గర మంచి మంచివి తయారయ్యాయి.

సెంటరు మగ్గాల సందులో ఉంది. గోడ అవతల మగ్గాల మోత, మాట్లాడాలంటే గొంతు పెంచాల్సిందే. ఆ రోజు నాకు అది అనుకూలమే. వాకిట్లో చెల్లె నిలబడి ఉంది, ఆమె పక్కన అత్త. "నువ్వు అస్తున్నవంటే నేనే అచ్చిన బిడ్డా. ఏదున్న నా కండ్ల ముంగట తేల్చుండ్రి" అని ఆమె గడప పక్కన కూర్చుని, వెంట తెచ్చుకున్న చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"మా నోట్సుల వైరస్ ఉన్నదని ఊరంత చెప్తవా? నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్నా, కొంపలు ముంచేదాన్నా?" అని లోపలికి పోతూనే అన్నాను.

సెంటరాయన లేచి కుర్చీ జరిపాడు. "నేనంటలేను మేడం. మిషిన్ అంటుంది. కూసోండ్రి."

"మిషిన్ అంటే నమ్ముడేనా?"

"మీకు నోట్సు ఆగింది. నాకు సీజన్ సీజనే పోయింది మేడం. పెండ్లి దగ్గరకచ్చినంక పత్రికలు లేవని చెప్పుడు ఎట్లుంటదో మీకెర్క లేదు. అప్పుడు గూడ ఎవలో మంచోళ్ళే తెచ్చిండ్రు పెన్‌డ్రైవ్."

ఆయన గొంతు పెంచకుండా అన్నాడు. నేను దారి పొడుగునా తయారుచేసుకున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ మనిషి భయం నిజమైన భయం.

అప్పుడాయన నా ఫైలును, మూట విప్పకుండా, ఉత్త అక్షరాలుగా తెరిచి చూపించాడు. తెర నిండా టోపీలు, చుక్కలు, డాలర్లు. "గిది తెలుగా మేడం? దీన్ని చూసి మంచిదని ఎట్లనుకోవాలె?" అన్నాడు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. అది నా పాఠమే అని నేను కూడా ఒట్టేసి చెప్పలేను.

"ఒక పని చేద్దాం" అన్నాను. "నా ముంగట ఒక్కొక్కటే పెట్టి చూడు. కరెంటు పొయ్యేలోపు అయిపోవాలె."

మొదట పాఠం ఒక్కటే పెట్టాడు. యాంటీవైరస్ ఉలకలేదు, పలకలేదు. తెరిస్తే మాత్రం పిచ్చి గీతలు. తర్వాత ఫాంటు ఒక్కటే ఉన్న సీడీ పెట్టాడు. దానికీ ఏమీ అనలేదు. చివరికి రెండూ మూటకట్టిన ఫైలు మీద నొక్కాడు. కుయ్యుమని మోత, ఎర్ర డబ్బా. చెల్లె ఒక అడుగు వెనక్కి వేసింది. నేను ముందుకు వంగి, దాంట్లో ఏం రాసి ఉందో చదివాను. ఇన్ని రోజులూ అందరూ ఆ ఎరుపును చూసినవాళ్ళే కానీ, కింద ఉన్న ఇంగ్లీషును ఎవరూ చదివినట్టు లేదు. వైరస్ దొరికిందని అది అననే లేదు. దీని వాలకం అనుమానంగా ఉంది, అడక్కుండా లోపలికి ఏదో పెడుతోంది, అందుకని పట్టి పక్కన పెట్టాను అంటోంది.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్లలకు తెలుగు తెలుగులాగా కనబడాలని ఫాంటును చెప్పకుండా లోపలికి పంపాం కదా, యాంటీవైరస్‌కు కనబడింది ఆ చెప్పకుండా దూరడమే. మా తెలుగు కోసం చేసిన ఉపాయమే మమ్మల్ని పట్టించింది.

"ఏమంటుంది గది?" అని గడప దగ్గరి నుంచి అత్త అడిగింది.

ఆమెకు ఎట్లా చెప్పాలా అని ఆలోచించాను. "అత్తమ్మా, మన ఇంటి చుట్టమే. కాని తలుపు కొట్టకుండ సక్కగ వంటింట్లకు పోయిండు. ఇంటోళ్ళు దొంగ అనుకుని పట్టుకున్నరు."

"దొంగతనం చేసిండా?"

"చెయ్యలే. చేస్తడేమో అనుకున్నది."

ఆమె చేతులు ఆగాయి. చుట్టిన బీడీని వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు చూసింది. "మా కార్ఖానల బీడీలు చూసి తీసుకునేటాయన గూడ గంతే. కట్టల ఒక్కటి వంకర కనవడ్డదా, కట్టకు కట్ట ఇరగ్గొట్టి పక్కకేస్తడు. అండ్ల మంచియి ఉన్నయి, ఇంకోపారి చూడు సారూ అంటే ఇనడు. ఎన్ని దినాలు ఏడ్సుకుంట ఇంటికచ్చిన్నో" అంది. ఆ తర్వాత సెంటరాయన వైపు తిరిగి, "గిప్పుడు గా నోట్సును ఇరగ్గొట్టిందా, ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది పెద్దమ్మా. జైల్ల ఏసినట్టు ఓ పక్కకు పెట్టింది. తుడువలే."

"అయితే ఇడిపియ్యి."

సెంటరాయన నా వైపు చూశాడు. విడిపించడం నాకు కూడా ఇష్టం లేదు అన్నాను. ఆయన బెదిరిన మనిషి, నా ధీమా మీద ఆయన దుకాణం పణంగా పెట్టమనడం న్యాయం కాదు. మేమిద్దరం కూర్చుని ఒక మాట మీదికి వచ్చాం. మూట విధానం ఇక వద్దు. ఫాంటును ఆయనే, తన చేత్తో, సీడీ నుంచి తన కంప్యూటర్లలో వేసుకుంటాడు. డీటీపీ అన్న ప్రతి ఊరి సెంటరుకూ ఒక సీడీ పంపుతాడు. ఆ తర్వాత నోట్సు నోట్సుగానే వస్తుంది, వెంట ఎవరూ ఉండరు. ఆయన అప్పటికప్పుడు ఫాంటు వేసి, నేను తెచ్చిన పాఠాన్ని తెరిచాడు. టోపీలూ డాలర్లూ మాయమై వేరు, కాండం, పత్రం అని శుభ్రమైన అక్షరాలు వరుసగా నిలబడ్డాయి. ఎర్ర డబ్బా రాలేదు. చెల్లె నా భుజం పట్టుకుంది. ప్రింటు సగం వచ్చాక కరెంటు పోయింది, మగ్గాల మోత ఆగింది, సందంతా ఒక్కసారి చప్పబడింది. మిగతా సగం కోసం సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. సెంటరాయన చాయ్ తెప్పించాడు.

పుకారు సంగతి ఆయనే చూసుకున్నాడు. మరునాడు సిరిసిల్ల టెంటులో మైకు తీసుకుని, కోరుట్ల మేడం నోట్సులో వైరస్ లేదని, పొరపాటు తనదీ మిషిన్‌దీ అని చెప్పాడట. పాటల మధ్యలో, ఉపన్యాసాల మధ్యలో బాటనీ గురించి ఆ ప్రకటన విని జనం చప్పట్లు కొట్టారట. కొందరు జై తెలంగాణ కూడా అన్నారట. ఆ వారంలోనే రుద్రంగి నుంచి, గంభీరావుపేట నుంచి పిల్లల ప్రశ్నలు మళ్ళీ రావడం మొదలైంది. డీటీపీ అన్న కూడా తన కంప్యూటర్లో యాంటీవైరస్ వేయించాడు. అది ఆయన సొంత కరపత్రాలను పట్టుకుందేమోనని నేను రోజూ అడిగి ఏడిపించేదాన్ని.

ఫలితాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. చెల్లె పాసైంది. గొప్ప మార్కులేం కావు, అయినా పాసే. ఇవాళ ఆమె నర్సు. ఫలితాలొచ్చిన రోజు నేను మిఠాయి పంచాను, అందరూ పంచుతారు. కానీ నా మనసులో నిలిచింది ఆ రోజు కాదు, పరీక్ష రోజు.

ఆ రోజు పరీక్ష వదిలే వేళకు చెల్లె ఫోన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. మోగింది. ఎత్తితే మాటలు లేవు, వెక్కిళ్ళు. ఒక పెద్ద ప్రశ్న రాయకుండా వచ్చిందట, టైం చాలలేదట, పోయిందక్కా అంతా పోయింది అంటోంది. అవకాశం ఒక్కటే అని ఇద్దరికీ తెలుసు. అంతలో ఫోన్ చేతులు మారింది. కోడలి వెంట వచ్చి, పరీక్ష అయ్యేదాకా ఆ కాలేజీ గేటు బయట కూర్చుందట అత్త.

"గీ పొల్లకు నువ్వన్న జెర చెప్పు బిడ్డా" అంది. "పొద్దటిసంది తిండి లేదు, గిప్పుడు గీ ఏడ్పు. గీసారి కాకుంటే ఇంకోపారి రాస్తది, నేనే పంపుత, ఏమాయె అంటున్న. నా మాట నమ్ముతలేదు."

నేనూ వెంటనే నమ్మలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె విసుక్కుంటూ మళ్ళీ చెప్పింది. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు చెల్లెకు అప్పగించాను. అవతల వెక్కిళ్ళు కొంచెంకొంచెంగా ఆగాయి. దగ్గర్లో హోటల్ తెరిచి ఉందా, కోడలికి ఇడ్లీ దొరుకుతదా అని అత్త ఎవరినో అడగడం వినిపించింది. నేను ఫోన్ పెట్టకుండా, వాళ్ళు రోడ్డు దాటేదాకా వింటూనే ఉన్నాను.